ర్యాంపు చివర గడప

రెడ్‌హిల్, డర్బన్
1999 ఫిబ్రవరి

వేణుగోపాలరావు బాబాయికి,

నమస్కారం. ఫోను పక్కనే ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాట కూడా పూర్తి చెయ్యనివ్వవు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

మీ కిస్టెన్ మసాలా కంపెనీలో యాభై మందికి పైగా పనిచేస్తున్నారని పోయిన దీపావళికి మా ఇంట్లో లడ్డూ తింటూ గొప్పలు పోయావు. ఆ గొప్పే ఇప్పుడు మీ మెడకు చుట్టుకుంది. కొత్త చట్టం వచ్చింది. యాభై దాటిన ప్రతి కంపెనీ, ఇన్నాళ్లూ బయట నిలబెట్టిన వాళ్లని లోపలికి పిలిచి ఉద్యోగాలివ్వాలి. నల్లవాళ్లకీ, ఆడవాళ్లకీ, వికలాంగులకీ. మొదటి రెండు రకాల వాళ్లూ మీ మిల్లులో మిరపకాయలు మరపడుతూ తుమ్ముతూనే ఉన్నారు. మూడో రకం ఒక్కరైనా ఉన్నారా? నువ్వు మేనేజరువి, నీకు తెలియాలి. "మా ఓనరుకి చెవుడు, జీతం పెంచమంటే వినపడదు" అని జోకులెయ్యకు. ఆ చెవుడు లెక్కలోకి రాదు.

కంపెనీలకు అలాంటి మనుషుల్ని వెతికిపెట్టి, వాళ్లక్కడ కుదురుకునేదాకా చూసుకోవడమే మా ఆఫీసు పని. ట్రిషా అని ఒక అమ్మాయి ఉంది. మీ మార్‌బర్గే. స్కూలు చివరి ఏడాదిలో బస్సు ప్రమాదం జరిగి నడుము కింద చచ్చుబడింది. చక్రాల కుర్చీలో తిరుగుతుంది. ఇంగ్లీషు, జూలూ రెండూ గడగడా మాట్లాడుతుంది, ఫోన్లో ఎవరినైనా బుట్టలో వేసుకోగలదు. ఆ గొంతు విని అందరూ ఇంటర్వ్యూకి రమ్మంటారు. కుర్చీ కనబడగానే "అయ్యో, నిన్ననే వేరేవాళ్లని తీసుకున్నామమ్మా" అంటారు. ఈ దేశంలో ఉద్యోగాలన్నీ నిన్ననే అయిపోతాయి, విచిత్రం. ఇప్పటిదాకా ఆ పిల్లకి ఒక్క ఉద్యోగమూ రాలేదు.

మీ దగ్గర ఫోన్లో ఆర్డర్లు తీసుకునే సీటు ఖాళీగా ఉందన్నావుగా. దయ చూపించమనడం లేదు. పనికి మనిషిని తీసుకోమంటున్నాను. ఆ రెండింటికీ ఉన్న తేడా మీ ఓనరుకి నువ్వే చెప్పాలి, నీకు తెలిస్తే.

నీ అన్న కూతురు,
వసుమతి

*

మార్‌బర్గ్, పోర్ట్ షెప్‌స్టన్
మార్చి

రెడ్‌హిల్‌లో వెలసిన దీనజనోద్ధారిణి వసుమతీ దేవిగారి సన్నిధికి,

నీ చట్టం చదివి వినిపించగానే మా ఓనరు కిస్టెన్‌కి కళ్లు తిరిగాయి. జరిమానా అన్న మాట దగ్గర గటగటా నీళ్లు తాగాడు. మర్నాడే నీ ట్రిషాని పిలిపించాం. ముందు మెట్లున్నాయి కదా, అంచేత ఇంటర్వ్యూ కార్లు ఆపే చోటే, ఎండలో. నేను గంభీరంగా గొంతు సవరించుకుంటుంటే, "నిన్ననే ఎవరినో తీసుకున్నామని చెప్పేస్తారా అంకుల్, లేకపోతే ఏమైనా అడుగుతారా?" అంది. నోరు గట్టిదే. నాకు నచ్చింది. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నాం.

ఇక మెట్ల పక్కన వాలుగా కట్టించిన ర్యాంపు సంగతి. సిమెంటు ఆరీ ఆరకముందే దానికి ప్రారంభోత్సవం జరిగింది. అరటి పిలకలు, మామిడి తోరణం, కొబ్బరికాయ, కర్పూరం. పెళ్లికొడుకు ఒక్కడే తక్కువ. స్థానిక పేపరువాడు ఫోటో తీశాడు. ట్రిషా ఒళ్లో పూలగుత్తి, కుర్చీ మీద చెయ్యేసి కిస్టెన్, ఆ కుర్చీ తనే కనిపెట్టినట్టు. ఫోటో అయ్యాక అమ్మాయి చక్రాలు తిప్పుకుంటూ ర్యాంపెక్కింది. మేమంతా చప్పట్లు. పైకి చేరి ఆగిపోయింది. ఎదురుగా గడప.

జానెడు ఎత్తు గడప, వసూ. ర్యాంపు కట్టిన మేస్త్రీ కొలవలేదు, కట్టించిన ఓనరు చూడలేదు, దగ్గరుండి పని చేయించిన నేను అడగలేదు. కిస్టెన్ వాళ్లమ్మ గంగమ్మగారు ప్రతి శుక్రవారం ఆ గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతుంది. చెరుకు తోటల్లో కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనవాళ్లు తరాల కిందటే తెలుగు అక్షరాలు మరిచిపోయారు గానీ గడపకు బొట్టు మాత్రం మరవలేదు. దాన్ని తియ్యడానికి ఆవిడ ఒప్పుకోదు. అంచేత గోడౌన్లో పనిచేసే డిలన్, మోరిస్ ఇద్దరూ చెరో పక్కనా పట్టి కుర్చీని పల్లకీలా ఎత్తి లోపల దించారు. మళ్లీ చప్పట్లు. రోజూ పొద్దునా సాయంత్రం ఇదే ఊరేగింపు, చప్పట్లు మాత్రం తగ్గాయి.

నీ పని అయింది. ఇక సంతోషమేనా?

ఆశీస్సులతో,
మీ బాబాయి

*

రెడ్‌హిల్
ఏప్రిల్

బాబాయికి,

మీ పల్లకీ సేవ గురించి చదివి తరించాను. ఉత్సవ విగ్రహాన్నయినా ఏడాదికొకసారే మోస్తారు. మీరు రోజుకి రెండుసార్లు మోస్తున్నారు, అంత పుణ్యం ఎక్కడ దాచుకుంటారో.

మీరొక్కరే అని కాదులే. నార్త్‌డేల్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీవాడు వినపడని కుర్రాణ్ణి పనిలో పెట్టుకున్నాడు. కొత్త చట్టం ఎంత గొప్పదో మైకులో గంటసేపు ఉపన్యాసమిచ్చి, ఎలా ఉందని ఆ కుర్రాణ్ణే అడిగాడు. వాడు నవ్వి చప్పట్లు కొట్టాడట. ఇంకేం చేస్తాడు పాపం? ఇలాంటివన్నీ చూసి చూసి నాకు నవ్వడం కూడా అలవాటైపోయింది.

పేపర్లో మీ ఫోటో చూసి మా డైరెక్టరు ఎల్సీ మేడమ్ మురిసిపోయింది. ఈ ఉత్తరంతోపాటు మీ కంపెనీకి ప్రశంసాపత్రం పంపుతోంది, ఫ్రేము కట్టించి మరీ. గోడకు తగిలించండి.

ఇక అసలు సంగతి. ఎత్తి లోపల దించడాన్ని లోపలికి రావడం అనరు బాబాయ్. మసాలా బస్తాలు అలా వస్తాయి. గడపకు అటూ ఇటూ వాలుగా రెండు చెక్కలు వేయించు. అది కుదరకపోతే గడపే కోయించెయ్యి. ఒక్కపూట పని. ఆ ముసలావిడతో నువ్వే మాట్లాడు. ఎనభై ఏళ్లొచ్చాక ఒక కొయ్యముక్క కోసం ఆడపిల్ల దారికి అడ్డం పడుకుంటుందా ఎవరైనా? నేనే వచ్చి అడుగుదును గానీ, కంపెనీల చుట్టూ తిరిగి "అందరినీ కలుపుకోండి" అని చెప్పడంతోనే నెలంతా గడిచిపోతోంది.

వసుమతి

*

మార్‌బర్గ్
మే

వసూ,

ప్రశంసాపత్రం అందింది. కిస్టెన్ దాన్ని లక్ష్మీదేవి పటం పక్కన తగిలించి రోజూ రెండింటికీ కలిపి అగరొత్తులు తిప్పుతున్నాడు. ఒక్కసారైనా వచ్చి చూడకుండా మెచ్చుకోవడం మీ ఆఫీసుకే చెల్లింది. నువ్వు మమ్మల్ని వెక్కిరించే ముందు ఆ సంగతి కూడా కాస్త గుర్తుపెట్టుకో.

చెక్కలు కుదరవు. చెక్క వేస్తే చక్రం గడప మీదుగా పోతుంది, అంటే గడప తొక్కినట్టే. కోయడం మాట ఎత్తనే కూడదు. గంగమ్మగారితో మాట్లాడటమంటే గోడతో మాట్లాడినట్టే. పెద్దావిడ, ఆవిడ నమ్మకాలు ఆవిడవి. వదిలెయ్యి.

అమ్మాయి మాత్రం బంగారం. చుట్టుపక్కల ఊళ్ల షాపులవాళ్లు ఆమెతో మాట్లాడటం కోసమే ఆర్డర్లిస్తున్నారేమోనని నా అనుమానం. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కుర్చీ కదలదు. టీ తాగదు, మంచినీళ్లు కూడా ముట్టదు, పనంటే అంత శ్రద్ధ! మిగతా వాళ్లేమో గంటకోసారి పెరట్లో బాత్రూములకని పోయి అక్కడే కబుర్లు పెట్టుకుంటారు. ట్రిషాని చూసి సిగ్గు తెచ్చుకోండని అందరి ముందూ చెప్పాను. ఎవరొచ్చినా కిస్టెన్ ఆమె సీటు దగ్గరికి తీసుకెళ్లి, "దిస్ ఈజ్ అవర్ ట్రిషా" అంటాడు, కొత్త ఫ్రిజ్ చూపించినట్టు. ఎన్నికలు దగ్గరపడ్డాయి కదా, అన్ని పార్టీలవాళ్లూ వచ్చి మా ర్యాంపు మీద నిలబడి ఫోటోలు దిగి పోతున్నారు.

ఈ వారం సెలవులో ఉంది. ఒంట్లో కాస్త బాగాలేదట. కంగారు పడాల్సిందేమీ లేదు.

మీ బాబాయి

*

రెడ్‌హిల్
మే నెలాఖరు

పూజ్యులైన వేణుగోపాలరావు బాబాయిగారికి,

మీరు క్షేమమని తలుస్తాను. "మీరు" అంటున్నానని ఆశ్చర్యపోకండి. శాస్త్రాలు తెలిసిన పెద్దవాళ్లని నువ్వు అనకూడదట.

శనివారం మార్‌బర్గ్ వచ్చాను. మీ ఇంటికి రాలేదు, ట్రిషా ఇంటికి వెళ్లాను. "ఒంట్లో కాస్త బాగాలేదు" అంటే ఏమిటో కళ్లారా చూశాను. వానలో మోరిస్ కాలు జారితే కుర్చీతో సహా ర్యాంపు మీద పడింది. భుజం కమిలి నల్లబడింది. పడ్డప్పుడు స్కర్టు పైకి పోయిందట. సామాన్లు కొనడానికి వచ్చినవాళ్ల ముందు దాన్ని ఎవరు సర్దాలో తెలియక మీ వాళ్లందరూ నిలబడి చూశారట. భుజం గురించి చెప్పేటప్పుడు ఏడవలేదు ఆ పిల్ల. ఇది చెప్పేటప్పుడు ఏడ్చింది.

మంచినీళ్లు ముట్టకపోవడం శ్రద్ధ కాదండీ. బాత్రూములు పెరట్లో ఉన్నాయని మీరే రాశారు. అక్కడికి వెళ్లాలంటే మళ్లీ గడప దాటాలి. దాటాలంటే ఇద్దరు మగాళ్లని కేకేసి పిలవాలి, ఎందుకో చెప్పాలి. అది చెప్పలేక పొద్దుట్నుంచీ గొంతు ఎండబెట్టుకుని కూర్చుంది. మీరు దాన్ని అందరికీ ఆదర్శంగా చూపించారు. శభాష్.

నేనక్కడ ఉండగానే గంగమ్మగారు వచ్చింది, గిన్నెలో వేడి వేడి సోజీ, అదే రవ్వ హల్వా, పట్టుకుని. నాకు ఒళ్లు మండిపోయింది. "సోజీ ఎందుకవ్వా, ఆ కొయ్యముక్క తియ్యనివ్వరాదా?" అని అడిగేశాను. ఆవిడ బిత్తరపోయింది. "నానేటి సేసినానమ్మా? ఆ రావు బాబునే అడిగినాం. ఇండియా మనిసి, సదూకున్నోడు. గడప కోస్తే లచ్చిందేవి ఎల్లిపోద్ది, సక్రం ఎక్కితే ఏడు తరాలకి పాపం అన్నాడు. మాకేటి తెల్సు? మాయమ్మే ఇక్కడ షుగర్ ఎస్టేట్‌లో పుట్టింది" అంది.

ఏడు తరాలు! కామర్సు డిగ్రీలో ఏ పేపర్లో చెప్పారు బాబాయిగారూ అది? కాకినాడ ఇంట్లో నాయనమ్మ తిడుతున్నా వినకుండా గడప మీద కూర్చుని కాళ్లూపుకుంటూ పేపరు చదివింది మీరు కాదూ? ఇన్నాళ్లూ ఆవిడ ఒప్పుకోదు, ఆవిడ గోడ అని రాసుకొచ్చారు. నేనూ నమ్మి ఆవిడ మీద విరుచుకుపడ్డాను. ఉద్యోగం కోసం ఆ పిల్ల ఎన్ని గడపలు తొక్కిందో! అప్పుడు ఎవరి తరాలకీ ఏమీ కాలేదు.

చూడకుండా ప్రశంసాపత్రం పంపామన్నారు. నిజమే. ఆ సిగ్గు నాది, నేను పడుతున్నాను. మీది మీరు పడండి.

ట్రిషా అన్న మాట ఇది: "నా అంతట నేను లోపలికి రాగలిగితే వస్తా. లేకపోతే మోయడానికి తేలిగ్గా ఉండేవాళ్లని ఇంకెవరినైనా చూసుకోమనండి." ఇంకో రెండు వారాలు చూసి ఆ సీటు వేరేవాళ్లకి ఇచ్చేస్తానని కిస్టెన్ కబురు పెట్టాడట. ఆ పిల్లకి వచ్చిన మొట్టమొదటి ఉద్యోగం అది. మీరు నోటికొచ్చింది చెప్పినందుకు పోతోంది.

మీ అన్నగారి అమ్మాయి,
వసుమతి

*

మార్‌బర్గ్
జూన్

వసూ,

"మీరు" అనకే తల్లీ. తిట్టు. నువ్వని తిట్టు.

ఇక్కడ నా సంగతి నీకు తెలియదు. గ్రహణం రోజు కారు కొనొచ్చా, కుడికన్ను అదిరితే మంచిదేనా, కొత్తింట్లో ముందు పాలు పొంగించాలా పప్పు వండాలా, అన్నీ నన్నే అడుగుతారు. ఇండియా నుంచి విమానం దిగిన ప్రతివాడూ వీళ్ల దృష్టిలో సగం పురోహితుడు. తెలియదంటే వాళ్ల మొహాలు చిన్నబోతాయి. తెలుసంటే నాకు కాఫీ వస్తుంది, పీట వస్తుంది, పెద్దరికం వస్తుంది. గడప గురించి అడిగిన రోజు కూడా కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని, ఏడు తరాలన్నాను. మూడన్నా సరిపోయేది.

ఆదివారం గంగమ్మగారింటికి వెళ్లాను. "అవ్వా, ఆ రోజు నేను చెప్పింది ఉత్తదే. నాకు ఏ శాస్త్రమూ తెలియదు" అన్నాను.

"ఏటి? నీకు తెల్దా?"

"తెలియదు."

"ఓరి నీ జిమ్మడిపోనూ!" అని చేతిలో ఉన్న విసనకర్రతో నా భుజం మీద ఒక్కటిచ్చింది. "ఆ కొయ్య ఎందుకెట్టినామో తెల్సునా నీకు? ఎలకలు! ఎలకలు దూరి మిరపకాయ బస్తాలు కొరికేత్తన్నాయని మా ఆయన అడ్డంగా ఏసినాడు. కొయ్య ఉంది కదా అని నాను పసుపు రాసినాను. ఆ పిల్ల వచ్చిన్రోజే తీసేయ్‌రా అన్నాను కిస్టెన్‌గాడితో. ఆడు 'నో మా, ఆస్క్ మిస్టర్ రావ్' అన్నాడు. నా మాట ఆడికి ఆనదు. ఇండియా మాటైతే ఆన్తాది."

"మరి లక్ష్మీదేవికి ఎలాగవ్వా?" అన్నాను. సిగ్గులేదు నాకు, ఇంకా శాస్త్రం అడుగుతున్నాను.

"అమ్మోరికి నేల సాల్దేటి? నేల మీదే గీత్తాను పసుపు. సక్రం ఎక్కితే ఎక్కనీ. సెరిగిపోతే మల్లీ గీత్తాను, నాకేటి పని?"

చూశావా వసూ? నీ ఉత్తరాల్లో నువ్వూ, నా ఉత్తరాల్లో నేనూ ఎవరి నెత్తిన రుద్దామో, మొదటిరోజే తియ్యమన్నది ఆవిడొక్కతే. మనమిద్దరం చదువుకున్నవాళ్లం కదా, ఆవిడనే నేరుగా అడగాలని తోచలేదు. నాకైతే తోచినా అడిగేవాణ్ణి కాదు, నా పెద్దరికం పోతుంది కదా.

గడప కోయిస్తున్నామంటే కిస్టెన్ నన్ను ముహూర్తం అడిగాడు! "ఇప్పుడే" అన్నాను. డిలన్ రంపం తెచ్చి అరగంటలో కోసి పారేశాడు. ఈసారి బాత్రూము తలుపు నేనే టేపు పెట్టి కొలిచాను. కుర్చీ పట్టదు. దాన్ని వెడల్పు చేయించాను, దారిలో రాళ్లు తీయించాను. తర్వాత ట్రిషా ఇంటికి వెళ్లి, గడప పోయిందని, అది అన్నాళ్లు ఉండటానికి కారణం నేనేనని చెప్పాను. "సోమవారం వచ్చి చూస్తా అంకుల్. నచ్చకపోతే అట్నుంచటే వెనక్కి పోతా" అంది. ఖాయంగా వస్తానని అనలేదు.

మీ బాబాయి

*

రెడ్‌హిల్
జూన్

బాబాయ్,

"ఇప్పుడే" అన్నావు చూడు, నీ జన్మలో నువ్వు చెప్పిన ఒకే ఒక్క మంచి ముహూర్తం అది. గంగమ్మగారికి నా తరఫున దణ్ణం పెట్టు. ఆ విసనకర్ర దెబ్బ నా వాటా కూడా కలిపి నువ్వే తిన్నావు, అందుకు థాంక్స్.

సోమవారం ట్రిషా ఎలా వచ్చిందో పొల్లుపోకుండా రాయి. మా ఎల్సీ మేడమ్‌కి ఏడాది రిపోర్టులోకి ఆ దృశ్యం అరపేజీ కావాలట. నాకూ కావాలి, రిపోర్టు కోసం కాదు. భయంగా ఉంది బాబాయ్. అంతదూరం వచ్చి వెనక్కి వెళ్లిపోతే, ఆ పిల్ల ఇంకెప్పుడూ ఎక్కడా ఉద్యోగం అడగదు. నాకు నిద్ర పట్టడం లేదు.

నీ వసూ

*

మార్‌బర్గ్
జూన్

వసూ,

మనం మారతామటే? సోమవారం పొద్దున్నే అందరం తయారైపోయాం. కిస్టెన్ చేతిలో బంతిపూల దండ. ప్యాకింగు ఆడవాళ్లు గుమ్మానికి రెండు వైపులా నిలబడి జూలూ పాటకి గొంతులు సవరించుకుంటున్నారు. డిలన్, మోరిస్ ఇస్త్రీ చొక్కాల్లో వచ్చారు, ఎత్తే పని లేకపోయినా. నేను ఇంగ్లీషులో చిన్న ఉపన్యాసం కూడా రాసుకున్నాను. గంగమ్మగారు మాత్రం నేల మీద పసుపు గీసేసి వెళ్లిపోయింది. "పిల్ల పన్లోకొత్తంటే మీకిదేటి తిరనాళ్ల?" అని తిట్టి మరీ వెళ్లింది. ఎవరూ వినలేదు.

ట్రిషా ర్యాంపు కింద ఆగింది. మమ్మల్ని చూసింది. దండ చూసింది. మొహం గట్టిపడింది. కుర్చీ వెనక్కి తిప్పడానికి చక్రం మీద చెయ్యి కూడా వేసింది. అయిపోయింది అనుకున్నాను వసూ.

అప్పుడంది, గట్టిగా కూడా కాదు. "మీకెవరికీ పని లేదా? అందరూ లోపలికి పోయి పని చూసుకోండి. నేను తర్వాత వస్తా. ఎవరూ చూడకండి."

కిస్టెన్ దండ వీపు వెనక దాచుకున్నాడు. ఓనరు ముందూ మేనేజరు వెనకా, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ లోపలికి పరిగెత్తాం. ప్యాకింగు ఆడవాళ్లు నవ్వాపుకుంటూ వాళ్ల బల్లల దగ్గరికి పోయారు. నేను ఒకే కాగితాన్ని తిరగేసి మరగేసి చదివాను. తలెత్తి చూడాలని ప్రాణం కొట్టుకుంది. ఎత్తలేదు. ఇక్కడికొచ్చాక అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

ఎలా వచ్చిందని అడిగావు, అరపేజీ కావాలన్నావు. నాకు తెలియదు వసూ. ఎవరికీ తెలియదు. నేను తలెత్తేసరికి సీట్లో ఉంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఉమ్‌జింటోలో ఎవరో కొట్టువాడితో మిరపకాయల ధర దగ్గర దెబ్బలాడుతోంది.

మీ బాబాయి